కళాశాల గ్రంథాలయమున పుస్తకమును వెదకి తెచ్చుకొను విధము
(తలిదండ్రులకును, పిల్లలకును ఒక పాఠము)

మన పాఠశాలలో చదువు ముగించుకొని ఏటేట కళాశాలలలో చేరుచున్న బాలబాలికలకు తలిదండ్రులు తమ శక్తికి మించియు సర్వము సమకూర్చుచున్నారు. ప్రవేశ రుసుము, దుస్తులు, బస్సు చీటి, పాఠ్యపుస్తకములు – వీనికై అప్పుచేసినవారును కలరు. అట్లయ్యు ఆ కళాశాలలోనే వేలకొలది పుస్తకములతో నిండియున్న గ్రంథాలయమును వాడుకొనుట ఎట్లో పిల్లలకు చెప్పి పంపువారు అరుదు. ఆ లోటును కొంతవఱకైనను తీర్పవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పాఠశాలలో పరిస్థితి వేఱు. అక్కడ గ్రంథాలయమనగా రెండు మూడు బీరువాలు. ఉపాధ్యాయుడు ప్రతి బాలుని ఎఱుగును. ఎవరికేది తగునో చూచి తానే చేతికందించును. కళాశాలలో అట్లు అందించువారుండరు. పుస్తకము ఎచటనున్నదో విద్యార్థియే వెదకవలెను. దొరకనిచో తానే అడుగవలెను. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, తరగతిలో ఆంగ్లము మాటలాడు మన పిల్లలకు ఈ అడుగుటయే కష్టము. ఏ భాషలో అడుగవలెనో, తప్పు మాటలాడిన నవ్వుదురేమో అని వెనుదీసి, 'పుస్తకము లేదట' అని ఇంట చెప్పువారు కలరు. పుస్తకము లేకపోలేదు, వెదకు మార్గము తెలియలేదు. ఇందువలన నష్టపోవునది కొనలేనివాని బిడ్డయే. కొనగలవాడు అంగడికి పోయి కొనుక్కొనును.

గ్రంథాలయము ఎవరి కొఱకు?

మనదేశమున గ్రంథాలయ శాస్త్రమునకు పునాది వేసిన శియాళి రామామృత రంగనాథన్ మన తమిళనాటి వారే. 1892లో శియాళిలో జన్మించి, చెన్నపురిలో గణితము బోధించుచుండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిరి. 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రకటించిరి. పుస్తకము దాచుటకు గాక వాడుటకే యున్నదనియు, ప్రతి పాఠకునకును తగిన పుస్తకము, ప్రతి పుస్తకమునకును తగిన పాఠకుడు లభింపవలెననియు, పాఠకుని కాలము వృథా కారాదనియు, గ్రంథాలయము నిత్యము పెరుగునదనియు వాని సారాంశము. ఈ సంగతి పిల్లలకు ముందుగా చెప్పవలెను. అడిగిన విద్యార్థి గ్రంథాలయాధికారికి శ్రమ కలిగించువాడు కాడు; ఆయన ఉద్యోగమునకు అర్థము కల్పించువాడు.

మొదటి మెట్టు: సూచిలో వెదకుట

పూర్వము పుస్తకసూచి చెక్క సొరుగులలో కార్డుల రూపమున నుండెడిది. నేడు పెక్కు కళాశాలలలో అది కంప్యూటరునందున్నది. పుస్తకము పేరు, రచయిత పేరు, విషయము – ఈ మూడింటిలో దేనితోనైనను వెదకవచ్చును. తెరపై కనబడు వివరములలో మూడు ముఖ్యములు: పుస్తకపు వర్గసంఖ్య, అది అరలోనున్నదా లేక ఎవరైన తీసికొనిపోయిరా అను సమాచారము, ఇంటికిచ్చునదా లేక అక్కడనే చదువవలసినదా అను గుర్తు. వర్గసంఖ్యను కాగితముపై వ్రాసికొనిన పిమ్మటనే అరలవైపు పోవలెను.

తెలుగు పుస్తకములకు ఇందొక చిక్కు కలదు. పెక్కు గ్రంథాలయములలో మన పుస్తకముల పేర్లను ఆంగ్లలిపిలో నెక్కించియుందురు. 'కన్యాశుల్కము' అను పేరులోని 'శు'ను ఒకరు ఎస్, యు అను రెండక్షరములతోను, మఱియొకరు నడుమ హెచ్ చేర్చియు వ్రాయుదురు. దీర్ఘమునకు ఏ అను అక్షరమును ఒకరు ఒకమాఱు, మఱియొకరు రెండుమాఱులు వ్రాయుదురు. చివర ఒకరు ఎమ్ అక్షరముతో ఆపుదురు. ఇంకొకరు దానికి యు చేర్తురు. పూర్తి పేరు వ్రాసి వెదకినచో ఒక్క అక్షరభేదమువలన పుస్తకము కనబడకపోవచ్చును. కావున 'కన్య' వఱకే వ్రాసి, అవసరమైనచో చివర నక్షత్రపు గుర్తునుంచి, వచ్చిన పట్టికనంతయు చూచుట మేలు.

రచయితల పేర్లయందు చిక్కు మఱింత పెద్దది. తమిళనాట ఇంటిపేరు వ్రాయు ఆచారము తక్కువ. తండ్రిపేరులోని తొలి అక్షరమును ముందుంచి తమ పేరు వ్రాసికొందురు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. సూచి తయారుచేయువారికి ఈ భేదము తెలియనిచో విశ్వనాథ సత్యనారాయణ గారిని ఒకచోట 'విశ్వనాథ' క్రిందను, మఱియొకచోట 'సత్యనారాయణ' క్రిందను చేర్తురు. ఇది చాలదన్నట్లు కలము పేర్లున్నవి. శ్రీశ్రీ అనగా శ్రీరంగం శ్రీనివాసరావు గారు. ఆరుద్ర అనగా భాగవతుల సదాశివశంకరశాస్త్రి గారు. ఇంటిపేరుతో ఒకమాఱు, సొంతపేరుతో ఒకమాఱు, కలము పేరుతో ఒకమాఱు – మూడుమాఱులు వెదకిన పిమ్మటనే పుస్తకము లేదని నిర్ణయింపవలెను. ఈ మూడు పేర్లును పిల్లలకు చెప్పగలవారు ఇంటిలోని పెద్దలే. కంప్యూటరు తెలియని తాతగారు కూడ ఇచట గురువు కాగలరు.

రెండవ మెట్టు: సంఖ్య ననుసరించి నడచుట

పుస్తకము వీపు క్రిందిభాగమున అంటించిన చీటిపై ఒక సంఖ్యయు, దాని క్రింద రచయిత పేరును సూచించు కొన్ని అక్షరములును ఉండును. అది ఆ పుస్తకపు ఇంటి చిరునామా వంటిది. కొన్ని గ్రంథాలయములలో రంగనాథన్ గారు 1933లో వెలువరించిన కోలన్ పద్ధతి వాడుకలో నున్నను, కళాశాలలలో ఎక్కువగా కనబడునది మెల్విల్ డ్యూయీ అను అమెరికా దేశీయుడు 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతి. అందు విద్యలన్నియు పది పెద్ద వర్గములు. 300 సాంఘిక శాస్త్రములు. అందు 330 అర్థశాస్త్రము. 400 భాష. 500 ప్రకృతి శాస్త్రములు. అందు 510 గణితము, 530 భౌతికము, 540 రసాయనము. వాణిజ్య విద్యార్థులకు కావలసిన అకౌంట్సు 657. సాహిత్యము 800. చరిత్ర, భూగోళము 900.

తెలుగు భాషకు సంబంధించిన పుస్తకములు 494.827 వద్దను, తెలుగు సాహిత్యము 894.827 వద్దను ఉండును. తమిళ సాహిత్యము 894.811. అచటినుండి నడచినచో 894.812 వద్ద మలయాళమును, 894.814 వద్ద కన్నడమును దాటి మన అరను చేరుదుము. నాలుగు సోదరభాషలును ఒకే వరుసలో నిలిచియున్నవన్నమాట.

ఇచట పిల్లలు తఱచుగా పొరపడు విషయమొకటి కలదు. చుక్క తరువాతి అంకెలను దశాంశములుగా చదువవలెను. 954.82 తమిళనాటి చరిత్ర. ఇది 954.9 కంటె ముందు వచ్చును. ఎనుబదిరెండు తొమ్మిదికంటె పెద్దదిగదా అని 954.9 దాటిపోయి వెదకువానికి ఆ పుస్తకము ఎన్నటికిని దొరకదు. లెక్కలలో నేర్చిన దశాంశమును ఇచట జ్ఞాపకము చేసికొన్న చాలును.

ఒక ఉదాహరణము: తెలుగుగంగ

అర్థశాస్త్రము చదువుచున్న ఒక విద్యార్థినిని, 'చెన్నపురి త్రాగునీరు – తెలుగుగంగ' అను విషయముపై వ్యాసము వ్రాసి తెమ్మని ఆచార్యులు ఆదేశించిరనుకొందము. ఆమె సూచిలో 'తెలుగుగంగ' అని వ్రాసినది. ఒక్క పుస్తకమును రాలేదు. అంతటితో వెనుదిరిగినచో వ్యాసము సాగదు. ఆ పేరుతో పుస్తకము లేకున్నను ఆ విషయము పెక్కు పుస్తకములలో నుండును. కావున ముందుగా ఆ విషయమును విడదీసి చూడవలెను.

ఇది పట్టణమునకు నీరందించు ప్రజాసేవకు చెందినది, దానికి 363.61. నీటివనరుల ఆర్థిక నిర్వహణకు చెందినది, దానికి 333.91. కాలువలు, ఆనకట్టల నిర్మాణమునకు 627. నీటి సరఫరా యంత్రవిద్యకు 628.1. రెండు రాష్ట్రముల చరిత్రకు తమిళనాటి 954.82, ఆంధ్రప్రదేశపు 954.84. ఒక్క విషయము ఆరు అరలలో చెదరియున్నది. అర్థశాస్త్ర విద్యార్థిని తన 330 అరను మాత్రము చూచి ఊరకున్నచో పుస్తకములలో పెక్కింటిని చూడనే చూడదు.

తరువాత వెదకు మాటలను మార్చవలెను. కృష్ణానది, నదీజలములు, నీటి సరఫరా, పూండి, కండలేరు – ఇవన్నియు ద్వారములే. ఊరి పేరును సైతము రెండు విధముల వెదకవలెను. చెన్నై అను పేరు అధికారికముగా స్థిరపడినది 1996లో. అంతకుముందు అచ్చైన ఆంగ్లగ్రంథములలో మద్రాసు అనియే యుండును. ఒక్క పేరుతో వెదకువానికి సగము చరిత్ర కనబడదు.

ఇట్లు వెదకినచో వ్యాసమునకు కావలసిన ఎముకలగూడు దొరకును. మహారాష్ట్రము, కర్ణాటకము, ఆంధ్రప్రదేశము తమ కృష్ణాజలముల భాగమునుండి తలా 5 శతకోటి ఘనపుటడుగుల నీరు, మొత్తము 15, చెన్నపురికిచ్చుటకు 1976లో అంగీకరించినవి. త్రోవలో ఇంకుట, ఆవిరియగుట పోను తమిళనాడునకు చేరవలసినది 12. ఆంధ్రప్రదేశమునకును తమిళనాడునకును 1983లో ఒడంబడిక జరిగినది. కండలేరు జలాశయమునుండి కాలువద్వారా కృష్ణాజలము పూండి జలాశయమునకు మొదట చేరినది 1996లో. మనమింటిలో త్రాగు నీటి వెనుక ఇంత చరిత్ర కలదని తెలిసికొన్న పిల్లకు వ్యాసము వ్రాయుట భారము కాదు.

ఒక్క మంచి పుస్తకము దొరకినచో అది పదింటికి దారిచూపును. దాని చివరనున్న ఆధారగ్రంథముల పట్టికను వ్రాసికొనవలెను. విషయసూచికలో తనకు కావలసిన మాటలున్న పుటలను మాత్రము ముందు చదువవలెను. ఆ పుస్తకమునకు కుడియెడమలనున్న పుస్తకములను కూడ తీసి చూడవలెను. ఒకే విషయముపై వ్రాసినవి ప్రక్కప్రక్కనే యుండుట ఈ సంఖ్యాపద్ధతి చేయు మహోపకారము.

మూడవ మెట్టు: అడుగుట

సూచిలో 'అరలో కలదు' అని యున్నను అరలో కనబడకపోవుట కద్దు. ఎవరైన బల్లవద్ద చదువుచుండవచ్చును. తిరిగివచ్చి ఇంకను సర్దకయుండవచ్చును. చదివినవారు తప్పు అరలో పెట్టియుండవచ్చును. పై అరను, క్రింది అరను, బల్లలను చూచి, అప్పటికిని లేనిచో సిబ్బందికి చెప్పవలెను. తాను తీసిన పుస్తకమును తానే అరలో దూర్చక, ఉంచుమన్నచోటనే ఉంచుట మర్యాద. తప్పుచోట పెట్టిన పుస్తకము పోయిన పుస్తకముతో సమానము.

అడుగునపుడు 'పుస్తకము కావలెను' అని మాత్రము అన్న ఎవరును సాయపడలేరు. నాలుగు సంగతులు చెప్పవలెను: తానేమి చదువుచున్నది, ఏ విషయము కావలెను, ఇంతవఱకు ఎచట వెదకినది, ఎన్నటికి కావలెను. "అమ్మా, నేను అర్థశాస్త్రము రెండవ సంవత్సరము చదువుచున్నాను. చెన్నై నీటి సరఫరాపై వ్యాసము వ్రాయవలెను. 363.61 వద్ద చూచితిని, రెండు పుస్తకములు దొరకినవి. కృష్ణానది ఒడంబడికలను గుఱించి ఎచట చూడవలెనో చెప్పుదురా? సోమవారమునకు కావలెను." ఇట్లు అడిగిన విద్యార్థినికి సాయపడని గ్రంథాలయాధికారి యుండుట అరుదు. ఈ మాటలను తమిళములోనైనను, ఆంగ్లములోనైనను ఇంటివద్ద రెండుమూడు మాఱులు చెప్పించి పంపినచో బెదురు పోవును. భాషలో చిన్న తప్పు దొరలుట అవమానము కాదు. అడుగకుండ వట్టిచేతులతో వచ్చుటయే నష్టము.

నాల్గవ మెట్టు: తెచ్చుట, కాపాడుట, తిరిగి ఇచ్చుట

ఎన్ని పుస్తకములిత్తురు, ఎన్ని దినములుంచుకొనవచ్చును అను నియమములు కళాశాలకొక విధముగా నుండును. చేరిన మొదటి వారములోనే వానిని అడిగి వ్రాసికొనవలెను. గుర్తింపు కార్డును ఇతరులకీయరాదు. దానిపై తీసిన పుస్తకమునకు కార్డుగలవాడే పూచీదారు. పుస్తకమును తీసికొనుటకు ముందు పుటలు త్రిప్పి చూడవలెను. చిరిగినవి, గీతలున్నవి కనబడినచో కౌంటరువద్దనే చూపి చెప్పవలెను. లేనిచో ముందువాని తప్పు మనపై పడును.

కావలసిన పుస్తకము ఇతరుల వద్దనున్నచో తన పేరు నమోదు చేయించుకొనవచ్చును. అది తిరిగివచ్చినపుడు ముందుగా తనకిత్తురు. గడువు చాలనిచో ఆ దినము రాకముందే పొడిగింపు కోరవలెను. నిఘంటువులు, విజ్ఞానసర్వస్వములు, ప్రభుత్వ నివేదికలు సాధారణముగా ఇంటికీయరు. కావలసిన పుటలకు జెరాక్సు తీసికొనవచ్చును. కొన్నిచోట్ల సాయంకాలము మూయువేళ ఇచ్చి మఱునాటి ఉదయము తిరిగి తీసికొను ఏర్పాటును కలదు, అడిగి తెలిసికొనవలెను.

గడువు దాటినచో జరిమానా. పుస్తకము పోయినచో క్రొత్తది కొని ఇయ్యవలెను, లేదా వెల చెల్లింపవలెను. చదువు ముగించి పత్రములు పుచ్చుకొనునపుడు గ్రంథాలయమునకు బాకీ లేదను చీటి అడుగుట కళాశాలలలో ఆచారము. జరిమానాకు భయపడి పుస్తకమును ఇంటనే దాచుకొన్న పిల్లవానికి జరిమానా పెరుగునే గాని తగ్గదు. తలిదండ్రులు కోపింపక, వెంటనే తిరిగి ఇచ్చి రమ్మని ధైర్యము చెప్పవలెను.

కళాశాలలో లేనప్పుడు

చెన్నపురిలోని వారికి 1896లో ప్రారంభమైన ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయము కలదు. 1954 నాటి శాసనము ననుసరించి మనదేశమున ప్రచురణకర్తలు తమ ప్రతి పుస్తకమును కలకత్తా, చెన్నపురి, బొంబాయి, ఢిల్లీ నగరములలోని నాలుగు గ్రంథాలయములకు ఒక్కొక్క ప్రతి తమ ఖర్చుతో పంపవలెను. చెన్నపురిలో ఆ హక్కుగలది కన్నెమరాయే. అనగా విజయవాడలోనో, హైదరాబాదులోనో అచ్చైన తెలుగు పుస్తకము చట్టప్రకారము ఈ ఊరికి రావలసియున్నది. 2010లో తెఱచిన కోట్టూరుపురపు అణ్ణా శతవార్షిక గ్రంథాలయమును కలదు.

ఇల్లు కదలకుండ చదువుటకు, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. నడుపుచున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018లో దేశప్రజలకు అంకితమైనది. విశ్వవిద్యాలయములలోని పరిశోధన వ్యాసములు 'శోధగంగ'లో లభించును. కళాశాల చందా కట్టిన పుస్తకములను, పత్రికలను కంప్యూటరులో చదువుటకు వేఱుగా సంకేతపదము కావలెను. దానిని కళాశాల గ్రంథాలయాధికారినే అడుగవలెను.

తెలుగు అర సంగతి

తమిళనాటి కళాశాలలలో పట్టపు తరగతులకు మొదటి భాగమున భాష నేర్చుట ఏర్పాటు. కొన్ని కళాశాలలలో తమిళమునకు బదులు తెలుగు తీసికొను వీలు కలదు. అట్టిచోట గ్రంథాలయమున తెలుగు అరయు నుండును. ఆ పుస్తకములలో అంటించిన గడువుచీటిని ఒకమాఱు తీసి చూడుడు. దానిపై ముద్రించిన తేదీలే ఆ అర ఆయువు. ఏ పుస్తకములు వాడుకలో నున్నవో చూచియే క్రొత్తవాని కొనుగోలు నిర్ణయించుట గ్రంథాలయముల పద్ధతి. ఏండ్ల తరబడి ఎవరును తీయని పుస్తకము మొదట వెనుకగదికి చేరును. స్థలము చాలనినాడు అచటినుండియు తొలగును. దీనికి ఎవరి ద్వేషమును కారణము కాదు. అడిగినవారు లేకపోవుటయే కారణము.

తమిళనాట 2006 చట్టముతో పాఠశాలలలో తమిళము తప్పనిసరి పాఠ్యమైన పిమ్మట మన పిల్లలు తమిళమును చక్కగా నేర్చుచున్నారు. అది మంచిదే, మనమున్న నేల భాష అది. తెలుగు మాత్రము ఇంటి పూనిక లేనిదే నిలువదు. ఆ పూనికకు సభలు, తీర్మానములు మాత్రమే చాలవు. మన బిడ్డ కార్డుపై నెలకొక తెలుగు పుస్తకము ఇంటికి వచ్చుట వానికంటె మేలు. అది అవ్వ చదువుకొనదగిన నవలయైనను సరియే. బిడ్డ పూచీపై జాగ్రత్తగా చదివి గడువులో తిరిగి పంపిన చాలును. చీటిపై ఒక తేదీ పడును. అరలో ఒక పుస్తకము నిలుచును. లేని పుస్తకమును కొనుమని పేరు, రచయిత, ప్రచురణకర్త, వెల వ్రాసియిచ్చు వీలును పెక్కు గ్రంథాలయములలో కలదు. దానిని కూడ వాడుకొనవలెను.

తలిదండ్రులు అడుగదగిన ప్రశ్నలు

తాము చదువుకొనని తలిదండ్రులు కూడ ఈ ప్రశ్నలడుగవచ్చును. వారమునకొక సాయంకాలము, భోజనమునకు ముందు, కోపము లేకుండ అడిగిన చాలును.

1. గ్రంథాలయపు కార్డు చేతికి వచ్చినదా? ఎన్ని పుస్తకములిత్తురు?
2. నీ పాఠ్యవిషయపు వర్గసంఖ్య ఏది? తెలుగు అర ఎచటనున్నది?
3. ఈ వారము ఏ పుస్తకము తెచ్చితివి? ఎన్నటికి తిరిగి ఈయవలెను?
4. దొరకని పుస్తకమును ఎన్ని పేర్లతో వెదకితివి? ఎవరినడిగితివి?
5. ఈ నెల ఇంటికి వచ్చిన తెలుగు పుస్తకమేది?

మూడవ ప్రశ్నకు వచ్చిన తేదీని గోడపంచాంగములో గుర్తించి యుంచుడు. నాల్గవ ప్రశ్నకు సమాధానము తడబడినచో ఆ పుస్తకము పేరును కాగితముపై వ్రాయించి, మఱునాడు మఱల పంపుడు. ఐదవ ప్రశ్నకు సమాధానము లేనినాడు, తాము చిన్ననాట చదివిన, లేక విన్న పుస్తకమొకదాని పేరు చెప్పి, అది కళాశాలలో కలదేమో చూచి రమ్మనుడు.